ఏమీ జరగని రాత్రులు

చలికాలం వచ్చిందంటే మా కోరాపుట్ జిల్లా చాలా అందంగా ఉంటుందని అందరూ అంటారు. విశాఖపట్నం నుంచి, విజయనగరం నుంచి కార్లు వేసుకుని జనం వస్తారు. ఒడిశాలోకెల్లా ఎత్తయిన దేవమాలి కొండ మా జిల్లాలోనే ఉంది. ఎత్తు 1672 మీటర్లు. తెల్లవారుజామున దాని మీదికెక్కి, కింద పాలు పొంగినట్టున్న మంచుని ఫొటోలు తీసుకుని వెళ్తారు.

మా తాతయ్య ఆ ఫొటోలు చూసి, "మంచు బాగోదని ఎవలన్నారు? బాగుంటాది. దాన్లో రేత్రంతా నడవక్కర్లేనోళ్లకి మరీ బాగుంటాది" అంటారు.

ఈసారి పత్రిక కోసం తెలుగు మాస్టారు మాకు ఒక పని చెప్పారు. ఇంట్లో పెద్దవాళ్లు వయసులో ఉన్నప్పుడు చేసిన పని ఏదైనా అడిగి తెలుసుకుని రాయమన్నారు. మా తరగతిలో కొందరు మగ్గం గురించి రాశారు. కొందరు వరికోతల గురించి రాశారు. నేను మా తాతయ్య చలిలో చేసిన పని గురించి రాస్తున్నాను. ఆయన రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేరి కీమ్యాన్‌గా రిటైరయ్యారు. ఇప్పుడు ఆయనకి 70 దాటాయి. సంక్రాంతి సెలవుల్లో నాలుగు సాయంత్రాలు ఆయన పక్కన కూర్చుని నోటుబుక్కులో రాసుకున్నాను. మధ్యమధ్యలో మామ్మ వచ్చి ఆయన మర్చిపోయినవి అందించింది.

ముందు మేము ఇక్కడికి ఎలా వచ్చామో చెప్పాలి. మాది శ్రీకాకుళం వైపు పల్లెటూరు. 1960లో దండకారణ్య-బొలంగీర్-కిరిబురు అనే రైల్వే పథకం మొదలైంది. బైలాడిలా కొండల్లోని ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి చేర్చి, ఓడల్లో జపాన్‌కి పంపాలి. దానికోసం కొత్తవలస నుంచి కిరండూల్ దాకా లైను వేశారు. దాన్ని కేకే లైను అంటారు. తూర్పు కనుమల్ని తొలుచుకుంటూ వెళ్లే ఈ లైనులో 58 సొరంగాలున్నాయి. శిమిలిగుడ స్టేషన్ సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తులో ఉంది. మా ముత్తాత ఆ రోజుల్లో మట్టిపనికి వచ్చి, పని అయ్యాక కూడా వెనక్కి వెళ్లలేదు. ఆయన కొడుకు, అంటే మా తాతయ్య, 1970ల్లో గ్యాంగులో చేరారు. కోరాపుట్‌కీ జయపురానికీ మధ్య లైను ఘాట్ దిగే చోట ఆయన పని.

గ్యాంగ్‌మన్ పని అంటే పగటిపూట కంకర సర్దడం, స్లీపర్లు మార్చడం, బోల్టులు బిగించడం అని నాకు తెలుసు. కాని చలికాలంలో రాత్రిపూట ఎందుకు నడవాలో నాకు అర్థం కాలేదు. వానాకాలంలో కొండచరియలు పడతాయి కాబట్టి కాపలా ఉండాలి, సరే. చలికాలంలో ఏం పడుతుంది?

"చలే పడతాది పట్టా మీద" అన్నారు తాతయ్య.

దీనికి జవాబు మా సైన్సు పుస్తకంలోనే ఉంది. వేడికి లోహాలు వ్యాకోచిస్తాయి, చలికి సంకోచిస్తాయి. ఉక్కు ఒక్క డిగ్రీ చల్లబడితే మీటరుకి 0.0115 మిల్లీమీటర్లు తగ్గుతుంది. ఇంత చిన్న అంకెతో ఏమవుతుంది అనిపిస్తుంది. నేను లెక్క వేసి చూశాను. 13 మీటర్ల పట్టా 30 డిగ్రీలు చల్లబడితే దాదాపు నాలుగున్నర మిల్లీమీటర్లు తగ్గుతుంది. అందుకే పాతకాలంలో రెండు పట్టాల మధ్య చిన్న సందు వదిలి, ఫిష్‌ప్లేట్లతో కలిపేవారు. అదే పట్టాల్ని అతికించి కిలోమీటరు పొడవు చేస్తే, 34 సెంటీమీటర్ల పైనే తగ్గాలి. కాని స్లీపర్లు, కంకర దాన్ని కదలనివ్వవు. తగ్గాలని పట్టా లాగుతుంది, తగ్గనివ్వమని స్లీపర్లు పట్టుకుంటాయి. ఆ లాగులాటలో ఎక్కడైనా అతుకు బలహీనంగా ఉంటే, లోపల పాత పగులు ఉంటే, అక్కడ ఠప్పున విరుగుతుంది. అది మధ్యాహ్నం విరగదు. రాత్రి రెండు దాటాక, అన్నిటికంటే చలిగా ఉన్నప్పుడు విరుగుతుంది. రైల్లో ఉన్నవాళ్లందరూ నిద్రపోయే సమయం కూడా అదే.

కాబట్టి ఆ సమయంలో ఒక మనిషి మెలకువగా ఉండి, పట్టాని చూస్తూ నడవాలి. దాన్ని పెట్రోలింగ్ అంటారు.

తాతయ్య బీటు సుమారు 4 కిలోమీటర్లు. రాత్రికి రెండుసార్లు వెళ్లి రెండుసార్లు రావాలి, మొత్తం 16 కిలోమీటర్లు. అదేమీ రోడ్డు కాదు. కాళ్ల కింద కంకర. చేతిలో ఎరుపు, ఆకుపచ్చ అద్దాలు తిప్పుకునే కిరసనాయిల్ లాంతరు. భుజానికి సంచి, అందులో ఒక పెద్ద స్పానరు, రేకు డబ్బాలో పటాకాలు. ఇవి దీపావళి పటాకాలు కావు. పట్టా మీద బిగిస్తే, ఇంజను చక్రం ఎక్కగానే పేలతాయి. ఆ చప్పుడుకి డ్రైవరు బండి ఆపుతాడు. పట్టా విరిగితే ఏం చెయ్యాలో తాతయ్య ఇప్పటికీ ఎక్కాల్లా అప్పజెప్తారు: "విరిగిన కాడి నుంచి ఆరొందల మీటర్లకి ఒకటి. పన్నెండొందల మీటర్లకి, పదేసి మీటర్ల ఎడం ఇచ్చి మూడు. ఎర్రదీపం చూపిస్తా పరిగెత్తాల."

చలికి ఏం తొడుక్కునేవారని అడిగాను. లోపల ఉన్ని బనియను, దాని మీద చొక్కా, పైన డ్యూటీ కోటు. నెత్తికి మఫ్లరు, దాని మీద గోనెసంచి ఒక మూల లోపలికి మడిచి టోపీలా వేసుకునేవారట. మంచు నీళ్లలా కారుతుంది కాబట్టి కోటు తెల్లవారేసరికి రెండింతలు బరువెక్కేది. కాళ్లకి మామ్మ పాత చీరపేలికలు చుట్టి, వాటి మీద బూట్లు వేసుకునేవారు. అన్నిటికంటే కష్టం చేతులకట. పట్టా మీద చెయ్యి పెట్టి అతుకుల దగ్గర తడిమి చూడాలి, చేతిగుడ్డలు ఉంటే సన్నటి పగులు వేలికి తెలియదు. వట్టి చేత్తోనే ముట్టుకోవాలి. కర్ర స్లీపరూ ఇనుప పట్టా ఒకే ఉష్ణోగ్రతలో ఉన్నా, ఇనుము మన ఒంట్లో వేడిని త్వరగా లాగేస్తుంది కాబట్టి అదే ఎక్కువ చల్లగా అనిపిస్తుందని మేము ఎనిమిదిలోనో తొమ్మిదిలోనో చదువుకున్నాం. తాతయ్య చదువుకోలేదు. "పట్టా ఏళ్ల లోంచి పేనం లాగీసినట్టుండీది" అన్నారు.

ఘాట్ సెక్షన్లో సొరంగాలు ఉంటాయి కదా. బయట ఎంత చలిగా ఉన్నా సొరంగం లోపల కొంచెం వెచ్చగా ఉంటుంది. కొండ కడుపులో ఎండాకాలానికీ చలికాలానికీ అంత తేడా ఉండదు. గంటసేపు మంచులో నడిచి లోపలికి అడుగుపెడితే, ఎవరో దుప్పటి కప్పినట్టు ఉండేదట. కాని కూర్చోవడానికి లేదు. పాత మేస్త్రీ కొత్తగా చేరినవాళ్లకి మొదటిరోజే చెప్పేవాడు, సొరంగంలో కూర్చుంటే కన్ను మూత పడుతుంది, మూతపడిన కన్ను బండి వచ్చినా తెరుచుకోదు అని. గోడల్లో మనిషి నిలబడే గూళ్లు ఉంటాయి. బండి వస్తే వాటిలోకి దూరాలి. ఆ రోజుల్లో డీజిల్ ఇంజన్లు. బండి వెళ్లిపోయినా పొగ చాలాసేపు లోపలే తిరిగేది. 1980ల మొదట్లో కరెంటు ఇంజన్లు వచ్చాక ఆ పొగ పోయింది. "వెచ్చగా ఉన్న సోటే పెమాదం. అక్కణ్ణుంచి గబగబా పోవాల. సలిగా ఉన్న సోట నింపాదిగా నడవాల. అదీ మా ఉద్యోగం" అని తాతయ్య నవ్వారు.

బీటు చివర ఇంకొక బీటు మొదలవుతుంది. అటు నుంచి ఇంకో మనిషి నడుచుకుంటూ వస్తాడు. ఇద్దరూ కలిసిన చోట వాళ్ల పెట్రోల్ బుక్కులు మార్చుకోవాలి. తాతయ్య బుక్కు ఆయన తీసుకెళ్తాడు, ఆయన బుక్కు తాతయ్య తెస్తారు. ఇద్దరూ పూర్తిగా నడిచారనడానికి అదే సాక్ష్యం. అటువైపు బీటు ఆయన పరజా తెగ మనిషి. తాతయ్యకి అప్పట్లో దేశియా భాష సరిగ్గా రాదు, ఆయనకి తెలుగు రాదు. మొదటి చలికాలం అంతా ఇద్దరూ బుక్కులు మార్చుకుని, ఒకరి బీడీతో ఒకరు బీడీ ముట్టించుకుని, మాట లేకుండా వెనక్కి తిరిగేవారు. రెండో ఏడాదికి ఆయన సీసాలో మాండియా జావ తేవడం మొదలుపెట్టాడు. మనం చోళ్లు అనేదాన్నే ఇక్కడ మాండియా అంటారు. తాతయ్య మామ్మ కట్టిచ్చిన బెల్లంముక్క తీసుకెళ్లేవారు. జావ, బెల్లం చెరిసగం. తాతయ్య ఆయన్ని 'దాదా' అనేవారు. ఇప్పుడు మేమందరం కూడా ఆయన్ని దాదా అనే అంటాం.

1980ల మొదట్లో ఒక పుష్యమాసం రాత్రి తాతయ్య బీటు చివరికి వెళ్లేసరికి దాదా రాలేదు. కాసేపు చూశారు. ఆలస్యమయితే అయిందని వెనక్కి తిరిగి వచ్చెయ్యొచ్చా అని నేను అడిగాను. "రాకపోతే ఏటి అర్థం? మనిసికైనా అయ్యుండాల, పట్టాకైనా అయ్యుండాల. ఏదైనా ముందుకే ఎళ్లాల" అన్నారు. అలా దాదా బీటులోకి నడుచుకుంటూ వెళ్తుంటే, మంచులో దూరంగా పసుపుపచ్చగా దీపం కనిపించింది. నడిచే మనిషి చేతిలో దీపం ఊగుతుంది. అది ఊగడం లేదు.

దాదా చిన్న వంతెన పక్కన కాలవలో జారిపడి నడుం దాకా తడిసిపోయాడు. లేచి పైకి వచ్చాడు గాని అక్కడే కంకర మీద కూలబడ్డాడు. తాతయ్య పలకరిస్తే, నాకు చలి లేదు, కొంచెంసేపు పడుకుంటాను, నువ్వెళ్లు అన్నాడట. మాట ముద్దగా వస్తోంది. ఒళ్లు వణకడం లేదు. అది చూసి తాతయ్యకి గుండె ఆగినంత పనైంది. ఎందుకంటే పాత మేస్త్రీ ఇంకో మాట కూడా చెప్పాడు: వణికేవాడికి భయం లేదు, వణుకు ఆగిపోయినవాణ్ణి మాత్రం నిద్రపోనివ్వకండి.

తాతయ్య ఆయన తడిబట్టలు విప్పేసి, తన ఉన్ని బనియను, కోటు ఆయనకి తొడిగారు. గోనెసంచి నడుముకి చుట్టారు. తాను చొక్కాతోనే ఉన్నారు. ఆయన్ని భుజానికి ఆనించుకుని, మాట్లాడిస్తూ, గ్యాంగు గుడిసె దాకా నడిపించారు. ఏం మాట్లాడారని అడిగితే, "ఏటి మాటాడతాం? అంకెలు లెక్కెట్టించాను. ఆడు దేశియాలో, నాను తెలుగులో. ఒక్కో స్లీపరుకి ఒక్కో అంకె" అన్నారు. గుడిసెలో ఉన్నవాళ్లు నెగడు వేసి, పొడి దుప్పట్లు కప్పి, కొంచెం కొంచెంగా వేడి జావ తాగించారు. చాలాసేపటికి దాదా ఒళ్లు మళ్లీ వణకడం మొదలయింది. వణుకు చూసి అంత సంతోషపడ్డ రోజు ఇంకోటి లేదని తాతయ్య అన్నారు. ఆ తర్వాత కోటు తీసుకోకుండా, ఎవరిదో గొంగడి కప్పుకుని, మిగిలిన రెండు బీట్లూ తాతయ్యే నడిచారు.

"పట్టా విరిగిందా మరి?" అని నేను ఆత్రంగా అడిగాను.

"నేదు. పట్టా బాగానే ఉంది."

ఈ మాట దగ్గర నేను చాలాసేపు ఆగాను. అన్ని చలికాలాల్లో ఒక్కసారైనా విరిగిన పట్టా కనిపెట్టి, పటాకాలు పెట్టి బండి ఆపలేదా అని అడిగాను. బోల్టులు ఊడినవి చాలాసార్లు బిగించారట. చిన్న పగులు రెండుసార్లు చూసి మేస్త్రీకి చెప్తే, పగలు పట్టా మార్చారట. అంతే. రేకు డబ్బాలో పటాకాలు ఏ రోజూ తీయాల్సిన అవసరం రాలేదు. "ఏటీ జరగనేదు" అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో బాధ లేదు. కొంచెం గర్వం ఉందనిపించింది.

మామ్మ అప్పుడే వచ్చి, "ఏటీ జరగనేదా? ఆ కాలు చూపించు పిల్లకి" అంది. తాతయ్య ఎడమకాలి మడమ మీద పెద్ద మచ్చ ఉంది. మామ్మ పలాస దగ్గర పిల్ల. సముద్రం వైపు చలే ఆమెకి తెలుసు, ఈ కొండల చలి తెలియదు. పెళ్లయిన మొదటి ఏడాది, తాతయ్య తెల్లవారి వచ్చి కాళ్లు కుంపటికి దగ్గరగా పెట్టుకుని కూర్చున్నారు. కాళ్లు మొద్దుబారి ఉన్నాయి కాబట్టి కాలుతున్నట్టు ఆయనకి తెలియలేదు. వాసన వచ్చాక మామ్మ చూసింది. అప్పటినుంచి ఆమె కుంపటి దగ్గరకి రానిచ్చేది కాదు. ముందు పొడిగుడ్డతో తుడిచి, దుప్పట్లో చుట్టి, కాళ్లలో తెలివి వచ్చాక తవుడు వేయించి మూటకట్టి, తన చెంపకి ఆనించి చూసుకుని, అప్పుడు కాపడం పెట్టేది.

మామ్మ చలి ఎవరూ రాసుకోలేదు. ఆమెకి పెట్రోల్ బుక్కు లేదు. కాని నాలుగింటికి లేచి, క్వార్టర్ల దగ్గర బావి నుంచి నీళ్లు తోడి, కట్టెలు రాజేసి, ఆయన వచ్చేసరికి నీళ్లు కాచి ఉంచేది. ఖనిజం గూడ్సు చప్పుడు వినబడి, అది ఆగకుండా వెళ్లిపోతే అమ్మయ్య అనుకునేది. నడిమధ్యలో ఆగితే దేవుడికి దండం పెట్టేది. "ఆయనకి నడిసే డూటీ. నాకు ఇనే డూటీ" అంది మామ్మ.

ఇంత చలిలో ఎలా ఓర్చుకున్నారు, అలవాటైపోయిందా అని చివరిరోజు అడిగాను. పెద్దవాళ్ల గురించి మనం మామూలుగా అలాగే అనుకుంటాం కదా, వాళ్లు గట్టివాళ్లు, వాళ్లకి అలవాటే అని. తాతయ్య ఒప్పుకోలేదు.

"సలికి అలవాటు పడ్డమన్నది నేదమ్మా. ఆఖరి ఏడు కూడా మొదటి ఏడులాగే ఉండీది. సలిలో ఏటి సెయ్యాలో అది అలవాటవుతాది. అదీ ఒకలు నేర్పాల."

నా నోటుబుక్కులో ఈ మాట కింద గీత గీసుకున్నాను. చూడండి, గోనెసంచి టోపీ మడవడం పాత మేస్త్రీ నేర్పాడు. వణుకు ఆగితే ప్రమాదమని ఆయనే చెప్పాడు. జావ దాదా తెచ్చాడు. పేలికలు మామ్మ చుట్టింది. కాళ్లు నిప్పుకి దగ్గరగా పెట్టకూడదని ఒక కాలిన మడమ నేర్పింది. వాళ్లు చలిని ఓర్చుకున్నారంటే ఒంట్లో బలం ఉండి కాదు. ఒకరికొకరు ఉండి ఓర్చుకున్నారు. ఒక్కడే అయితే ఆ రాత్రి దాదా మిగిలేవాడు కాదు.

ఇప్పుడు చాలా మారింది. గ్యాంగ్‌మన్‌ని ట్రాక్ మెయింటెయినర్ అంటున్నారు. మా వీధిలో ఒక అన్నయ్య ఆ ఉద్యోగం చేస్తున్నాడు. ఆయన దగ్గర టార్చిలైటు ఉంది, ఎక్కడ నడుస్తున్నాడో చూపించే జీపీఎస్ పరికరం ఉంది. పట్టా లోపలి పగుళ్లని అతిధ్వనులతో పరీక్షించే యంత్రాలు ఉన్నాయి. అయినా జనవరి రాత్రుల్లో మనిషి నడవడం ఆగలేదు. అన్నయ్య మొదటిసారి రాత్రి డ్యూటీకి వెళ్లే ముందు మా ఇంటికి వచ్చి, తాతయ్య దగ్గర అరగంట కూర్చుని వెళ్లాడు. ఏం చెప్పారని అడిగితే, కాళ్ల గురించి చెప్పారు అన్నాడు.

దాదా రిటైరయ్యాక తన ఊరికి వెళ్లిపోయాడు. ప్రతి ఏడాదీ పుష్‌పరబ్ పండగ అయ్యాక ఆయన మనవడు బస్సులో ఒక సంచీ మాండియా తెచ్చి ఇస్తాడు. మామ్మ తిరిగి అరిసెలు, బెల్లం ఇచ్చి పంపిస్తుంది. బుక్కులు లేవు గాని మార్చుకోవడం మాత్రం ఆగలేదు.

ఇది చదివే నా తోటి విద్యార్థులకి ఒక మాట చెప్పాలని ఉంది. మీ ఇంట్లో కూడా "ఏముందమ్మా, మామూలు పనే, ఏమీ జరగలేదు" అనే తాతయ్యలు, మామ్మలు ఉంటారు. ఆ మాట విని లేచి వెళ్లిపోకండి. ఏం తొడుక్కున్నారు, ఏం తిన్నారు, పక్కన ఎవరున్నారు, ఇంటికి వచ్చేసరికి ఎవరు మేలుకుని ఉన్నారు అని ఒక్కొక్కటీ అడగండి. ఏమీ జరగకుండా ఉండటానికి ఎంతమంది ఎంత చేశారో అప్పుడు తెలుస్తుంది.